ఇంజను లాగడం లేదా? పంపు విప్పే ముందు డీజిలు ప్రెజరు చూడండి

ట్రాక్టరు ఖాళీగా పోయినంతసేపు బాగానే పోతుంది. నాగలి దింపి నాలుగు సాళ్లు వేయగానే ఇంజను గొంతు మారుతుంది. రేజు ఎంత ఇచ్చినా లాగదు. కాసేపు ఆపి మళ్లీ స్టార్టు చేస్తే కొంత దూరం మామూలుగా నడిచి, తిరిగి అదే వరస. దమ్ము చేసే రోజుల్లో, విత్తనం అదను దాటిపోతున్న రోజుల్లో ఇలా జరిగితే రైతుకు కాలూ చెయ్యీ ఆడదు. పక్కనున్న వాళ్లలో ఎవరో ఒకరు ‘పంపు పోయింది’ అంటారు. పంపు ఊడదీసి పట్నం పంపిస్తారు. అది తిరిగి వచ్చేదాకా బండి చెట్టు కింద, చేను బీడుగా. తీరా పంపు బిగించాక కూడా జబ్బు తగ్గదు. ఎందుకంటే అసలు తప్పు పంపులో లేదు. ట్యాంకు మూతకున్న చిన్న బెజ్జం పూడిపోయిందో, ఫిల్టరు నిండిపోయిందో, ఎక్కడో పైపు గాలి పీలుస్తున్నదో!

జ్వరం వచ్చిన మనిషికి ముందు జ్వరం ఎంత ఉందో చూస్తాం, తర్వాతే మందు. డీజిలు ఇంజనుకూ అంతే. డీజిలు ఎక్కడిదాకా ఏ ప్రెజరుతో వస్తున్నదో వరసగా చూసుకుంటూ పోతే తప్పు ఎక్కడుందో అదే బయటపడుతుంది. ఈ పరీక్షల్లో సగం రైతు స్వయంగా చేసుకోగలిగినవే. మిగతా సగం మెకానిక్ చేత చేయించాల్సినవి. అయితే ఏం చేయించుకుంటున్నామో తెలిసి చేయించుకోవాలి.

ప్రెజరు ఒకటి కాదు, రెండు

ట్యాంకులోని డీజిలు మొదట ఫీడ్ పంపుకు, అక్కణ్ణించి ఫిల్టర్లకు, ఆ తర్వాత పెద్ద పంపుకు (దీన్నే ఇంజెక్షన్ పంపు అంటారు) చేరుతుంది. ఇంతవరకూ ఉండేది తక్కువ ప్రెజరు. దీన్ని ఫీడ్ ప్రెజరు అనుకుందాం. పెద్ద పంపు ఆ డీజిలును కొద్దికొద్దిగా, సమయానికి, విపరీతమైన ఒత్తిడితో ఇనప పైపుల గుండా నాజిళ్లకు తోస్తుంది. ఇది ఎక్కువ ప్రెజరు.

రెంటికీ ఉన్న తేడా తెలియాలంటే ఒక లెక్క చూడండి. కారు టైరులో గాలి సుమారు 2 కిలోలు ఉంటుంది. లారీ టైరులో 7 కిలోల ప్రాంతంలో ఉంటుంది. (కిలో అంటే చదరపు సెంటీమీటరు చోటు మీద కిలో బరువు. బార్ అన్నా దాదాపు అంతే.) ట్రాక్టరు ఫీడ్ ప్రెజరు కారు టైరు గాలికి మించదు. అదే నాజిలు తెరుచుకోవాలంటే పాత పద్ధతి ట్రాక్టరు ఇంజన్లలో ఇంచుమించు 175 నుంచి 250 కిలోల ప్రెజరు కావాలి. అంటే లారీ టైరుకు పాతిక రెట్ల పైమాటే.

ఇంత ప్రెజరు ఎందుకు? డీజిలు ఇంజనులో ప్లగ్గు నిప్పు ఉండదు. పిస్టన్ గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. అది పొగమంచులా సన్నగా విరజిమ్మితేనే పూర్తిగా కాలుతుంది. చుక్కలుగా పడితే సగం కాలి, సగం నల్లపొగై పోతుంది. ఆ పొగంతా మనం డబ్బు పెట్టి కొన్న డీజిలే.

మన ఊళ్లలో ఇప్పటికీ మైకో పంపు, మైకో నాజిలు అంటారు. 1951లో మొదలైన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది. పేరు మారినా పాత ట్రాక్టర్లలో ఆ పంపు పనిచేసే పద్ధతి అదే. కాబట్టి ఈ పరీక్షలూ అవే.

గేజి లేకుండానే ముందు చూడాల్సినవి

పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చయ్యేవి తర్వాత. ఈ వరస తప్పవద్దు.

ఒకటి: ట్యాంకు మూత. డీజిలు కిందికి దిగిన కొద్దీ పైన గాలి చేరాలి. మూతకున్న బెజ్జం మట్టితో పూడిపోతే గాలి చేరదు, డీజిలు దిగదు. ఇంజను లాగనప్పుడు మూత వదులు చేసి చూడండి. ‘స్స్’ మని గాలి లోపలికి పోయి ఇంజను తేరుకుంటే జబ్బు దొరికినట్టే.

రెండు: ట్యాంకు కింద కాకు (కొళాయి) పూర్తిగా తెరిచి ఉందా, దాని జల్లెడలో చెత్త పట్టిందా చూడాలి.

మూడు: ఫిల్టరు కింది గిన్నె. అడుగున నీళ్లు, నలక చేరితే కింది బోల్టు వదులు చేసి వదిలేయాలి. డీజిలు తేట పడేదాకా పోనివ్వాలి.

నాలుగు: గాలి ఫిల్టరు. నల్లపొగ రాగానే పంపునూ నాజిళ్లనూ అనుమానిస్తాం. గాలి చాలకపోయినా నల్లపొగే వస్తుంది. దుమ్ములో రోటవేటరు తోలిన రోజుల్లో దీన్ని ప్రతి రోజూ చూడాలి.

అయిదు: పైపులు, జాయింట్లు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఫీడ్ పంపు తర్వాత కారితే పైకి కనిపిస్తుంది, డీజిలు చెమరుస్తుంది. ఫీడ్ పంపుకు ముందు జాయింటు వదులైతే ఇంజను నడిచేటప్పుడు డీజిలు బయటికి రాదు. గాలి లోపలికి పోతుంది. కళ్లకు ఏమీ కనబడదు. అందుకే ‘ఎక్కడా కారడం లేదు, అయినా గాలి పడుతోంది’ అంటుంటారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న ప్రతి జాయింటూ, రబ్బరు పైపుల పగుళ్లూ చూడాలి.

ఆరు: ఇంజను ఆయిలు. స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిలు మట్టం తగ్గడానికి బదులు పెరిగిందా? డీజిలు వాసన వస్తున్నదా? అలాగైతే ఫీడ్ పంపు నుంచో, పెద్ద పంపు నుంచో డీజిలు ఆయిల్లో కలుస్తున్నది. ఇక బండి నడపవద్దు. పలచబడిన ఆయిలుతో బేరింగులు పోతే ఇంజనంతా విప్పాల్సి వస్తుంది.

5 హార్స్‌పవర్ ఇంజనుకు ఎత్తే ప్రెజరు

బావి దగ్గర పెట్టుకునే చిన్న డీజిలు ఇంజన్లలో చాలావాటికి ఫీడ్ పంపు ఉండదు. ట్యాంకు ఎత్తులో ఉంటుంది, డీజిలు తన బరువుతోనే దిగుతుంది. ట్యాంకు పంపుకన్నా మీటరు ఎత్తున ఉంటే అక్కడ వచ్చే ప్రెజరు 80 గ్రాముల పైచిలుకు. అంటే కిలోలో పదో వంతు కూడా లేదు. ఇంత తక్కువ ప్రెజరు ఉన్నచోట కొంచెం చెత్త పట్టినా డీజిలు ఆగిపోతుంది.

దీన్ని గేజితో కాదు, ధారతో కొలవాలి. పెద్ద పంపు దగ్గర పైపు విప్పి, కాకు తెరిచి, ఒక్క నిమిషం సీసాలో పట్టండి. ఫుల్లు లోడులో ఈ ఇంజను గంటకు లీటరు నుంచి లీటరున్నర దాకా తాగుతుంది. అంటే నిమిషానికి 20 మిల్లీలీటర్ల ప్రాంతం. ధార దానికి అయిదారు రెట్లు ఉండాలి. నిమిషంలో టీ గ్లాసు కూడా నిండకపోతే ఫిల్టరునో, పైపునో అనుమానించాలి. ఫిల్టరు ముందు పైపు విప్పి మళ్లీ పట్టండి. అక్కడ ధార బాగుండి తర్వాత సన్నగా ఉంటే ఫిల్టరు మార్చాలి. అక్కడా సన్నగానే ఉంటే కాకు, జల్లెడ, ట్యాంకు మూత చూడాలి.

గాలి తీయడం

నీళ్లు నింపిన సైకిలు పంపు మూతి మూసి నొక్కండి, కదలదు. గాలి ఉంటే మెత్తగా దిగుతుంది. పెద్ద పంపులో గాలి చేరితే జరిగేదిదే. పంపు నొక్కినప్పుడల్లా గాలి అణుగుతుందే గాని నాజిలు తెరుచుకునే ప్రెజరు రాదు. అందుకే ఫిల్టరు మార్చినా, ట్యాంకు ఖాళీ అయినా గాలి తీయాలి.

ముందు ట్యాంకులో డీజిలు చాలినంత పోయాలి. ఫిల్టరు మీదున్న గాలి బోల్టు వదులు చేసి, ఫీడ్ పంపు మీదున్న చేతి మీట కొట్టాలి. నురగలా బుడగలు వస్తాయి. బుడగలు పోయి నిండు ధార వచ్చాక, మీట కొడుతూనే బోల్టు బిగించాలి. తర్వాత రెండో ఫిల్టరు దగ్గర, ఆ తర్వాత పెద్ద పంపు మీదున్న గాలి బోల్టు దగ్గర ఇదే పని చేయాలి. ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకు రావాలి, ఎదురు వరసలో చేస్తే ఫలితం ఉండదు. ఎంతసేపు కొట్టినా బుడగలు ఆగకపోతే గాలి ఎక్కడో పీలుస్తున్నదని అర్థం. రోజూ గాలి తీసుకుంటూ పని గడుపుకోవడం వైద్యం కాదు. పీల్చే చోటు పట్టుకోవాలి.

గేజితో ఫీడ్ ప్రెజరు చూసే పద్ధతి

దీనికి 0 నుంచి 4 కిలోల దాకా చూపే చిన్న గేజి, ఒక టీ జాయింటు, కొత్త రాగి వాషర్లు చాలు. మెకానిక్ దగ్గర లేకపోతే ఊళ్లో నలుగురు ట్రాక్టరు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా పనికొస్తుంది.

బండిని చదునైన చోట నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు బిగించాలి. ఫిల్టర్ల చుట్టూ మట్టి కడిగి తుడవాలి. లోపలికి ఇసుక రేణువు పోయినా పంపుకు చేటు. ట్యాంకు కాకు మూసి, ఫిల్టరు నుంచి పెద్ద పంపుకు వెళ్లే పైపును పంపు దగ్గర విప్పి, మధ్యలో టీ జాయింటు పెట్టి గేజి బిగించాలి. కాకు తెరిచి గాలి తీసి, ఇంజను స్టార్టు చేయాలి. స్లో మీద ఒకసారి, రేజు పెంచి ఒకసారి ముల్లు ఎక్కడుందో రాసుకోవాలి.

వరస పంపు (ఇన్‌లైన్ పంపు) ఉన్న చాలా ట్రాక్టర్లలో ఇది 1 నుంచి 2 కిలోల మధ్య ఉంటుంది. గుండ్రటి రోటరీ పంపు ఉన్న బండ్లలో అంతకన్నా తక్కువే. ఒకదాని లెక్క ఇంకోదానికి పెట్టరాదు. మీ బండి పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం.

ఇక ముల్లు చెప్పే సంగతులు:

ప్రెజరు తక్కువగా ఉంటే గేజిని ఫిల్టర్లకు ముందు పెట్టి మళ్లీ చూడాలి. అక్కడ బాగుండి, ఫిల్టర్ల తర్వాత పడిపోతే ఫిల్టరు మూసుకుపోయింది. పంపు జోలికి పోనక్కరలేదు.

రెండు చోట్లా తక్కువే ఉంటే తప్పు ఫీడ్ పంపులోనైనా ఉండాలి, దానికి ముందున్న పైపులోనైనా ఉండాలి. తేల్చడం సులువు. ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పి, శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, పొట్టి పైపుతో ఫీడ్ పంపుకు నేరుగా అందించండి. ప్రెజరు లేచిందా, ట్యాంకు వైపు పైపులో తప్పు. లేవలేదా, ఫీడ్ పంపు చూడాలి. దాని జల్లెడ కడిగి, వాల్వులు మార్చితేనే చాలాసార్లు సరిపోతుంది.

ఫీడ్ పంపు కూడా బాగుంటే, వరస పంపుకున్న రిటర్ను వాల్వు చూడాలి. దాని స్ప్రింగు మెత్తబడితే డీజిలంతా తిరిగి ట్యాంకుకే పోతుంది. ప్రెజరు నిలవదు.

ముల్లు నిలకడ లేకుండా కొట్టుకుంటుంటే గాలి పడుతున్నదని అనుమానించాలి. పెద్ద పంపుకు ముందు జానెడు పారదర్శక పైపు పెట్టి చూస్తే బుడగలు కళ్లకే కనిపిస్తాయి.

స్లోలో బాగుండి, లోడు మీద పడిపోతే అది సగం మూసుకుపోయిన ఫిల్టరు లక్షణం. ఖాళీ బండికి డీజిలు కొంచెమే కావాలి కాబట్టి సరిపోతుంది. నాగలి దింపగానే చాలదు. మొదట చెప్పిన జబ్బు సాధారణంగా ఇదే.

ఫీడ్ ప్రెజరు అన్ని చోట్లా సరిగానే ఉండి, గాలి ఫిల్టరు కూడా శుభ్రంగా ఉంటేనే నాజిళ్ల దాకా, పెద్ద పంపు దాకా వెళ్లాలి.

నాజిలు పరీక్ష దగ్గరుండి చూడండి

నాజిళ్ల పరీక్షకు చేతి పంపు, 400 కిలోల దాకా చూపే గేజి ఉన్న టెస్టరు కావాలి. డీజిలు పంపులు బాగుచేసే షాపుల్లో ఇది ఉంటుంది. నాజిళ్లు విప్పాక ఏ సిలిండరుది ఏదో గుర్తు పెట్టుకుని తీసుకెళ్లాలి. షాపులో నాలుగు సంగతులు అడిగి చూడాలి.

మొదటిది, తెరుచుకునే ప్రెజరు. మీట మెల్లగా నొక్కితే ముల్లు పైకి లేచి, నాజిలు చిమ్మిన క్షణాన జారుతుంది. అంతవరకూ లేచిన అంకె పుస్తకంలోని అంకెతో సరిపోవాలి. అన్ని నాజిళ్లదీ ఇంచుమించు ఒకటే కావాలి. తక్కువైతే నాజిలు ముందే తెరుచుకుని పెద్ద చుక్కలు పడతాయి, పొగ వస్తుంది, పిస్టన్ తల కాలుతుంది. లోపలి స్ప్రింగు మీద పల్చటి బిళ్ల వేసో, స్క్రూ తిప్పో దీన్ని సరిచేస్తారు.

రెండోది, కారడం. తెరుచుకునే ప్రెజరుకు 10, 20 కిలోలు తక్కువలో మీట పట్టి ఉంచి పది లెక్కపెట్టాలి. నాజిలు మూతి నుంచి చుక్క రాలకూడదు.

మూడోది, చిమ్మే తీరు. ప్రతి బెజ్జం నుంచీ సన్నటి పొగమంచులా, సమానంగా రావాలి. ఒక పక్క ధారలా వచ్చినా, ఒక బెజ్జం మూసుకున్నా పనికిరాదు. మూతి మీద మసిని ఇనప తీగతో గోకనివ్వవద్దు. ఇత్తడి బ్రష్షే వాడాలి.

నాలుగోది, వెనక్కు కారడం. ప్రెజరు నిలిపి మీట వదిలితే ముల్లు మెల్లగా దిగాలి. గబుక్కున పడితే, టెస్టరు జాయింట్లలో ఎక్కడా కారడం లేదని చూసుకున్నాక, సూది అరిగినట్టే.

కొలిచిన అంకెలు బిల్లు వెనక రాయించుకోండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త రాగి వాషరు ఒక్కటే వేయాలి. పాతది లోపల ఉండిపోయి రెండైతే నాజిలు కూర్చునే ఎత్తు మారిపోతుంది.

పెద్ద పంపుకు సీలు వేసి ఉంటుంది. ‘కొంచెం డీజిలు పెంచితే బాగా లాగుతుంది’ అని సీలు తెంచనివ్వవద్దు. డీజిలు పెరిగినంత మాత్రాన గాలి పెరగదు. పొగ పెరుగుతుంది, ఇంజను వేడెక్కుతుంది. పంపు కాలిబ్రేషన్ బెంచి మీద తప్ప సరిచేసే వస్తువు కాదు.

ప్రాణం మీదికి వచ్చే పొరపాటు

నాజిలు చిమ్మే తుంపర ముందు చెయ్యి పెట్టవద్దు. ఈ ప్రెజరులో డీజిలు చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే. మొదట నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. గంటలు గడిచేకొద్దీ లోపల కండ చచ్చిపోతుంది. వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే పసుపు అద్ది ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆపరేషను సౌకర్యం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లి ‘ఎక్కువ ప్రెజరు డీజిలు లోపలికి పోయింది’ అని స్పష్టంగా చెప్పాలి. గాయం చిన్నదే కదా అని కట్టు కట్టించుకుని వచ్చేయకూడదు.

ఇంజను నడుస్తుండగా ఇనప పైపుల మీద చెయ్యి పెట్టి కారే చోటు వెతకవద్దు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. బీడీ, సిగరెట్టు దగ్గరికి రానివ్వవద్దు.

కొత్త బండ్లకు వేరే పద్ధతి

50 హార్స్‌పవర్ పైబడిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. వీటిలోనూ, ఇప్పటి డీజిలు పికప్ వ్యానుల్లోనూ కామన్ రైల్ పద్ధతి ఎక్కువ. ఇందులో ప్రెజరు స్లోలోనే వందల కిలోలు, లోడు మీద 1,600 కిలోలూ దాటవచ్చు. పాత బండ్లలో మెకానిక్‌లు ఇంజను నడుస్తుండగా నాజిలు నట్టు వదులు చేసి ఏ సిలిండరు పని చేయడం లేదో చూస్తారు. కామన్ రైల్ బండికి ఆ పని చేస్తే ప్రాణాపాయం. ఇంజను ఆపిన వెంటనే కూడా పైపులో ప్రెజరు మిగిలి ఉంటుంది. దీని ప్రెజరు స్కానరుతోనే చూడాలి. రైతు చేయదగ్గది నీళ్లు వదలడం, ఫిల్టర్లు వేళకు మార్పించడం, మంచి డీజిలు పోయడం.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన మోటారు సైకిళ్లలో చాలావాటికీ పెట్రోలు ఇంజెక్షనే. వీటికి ట్యాంకులోనే కరెంటు పంపు ఉంటుంది. ప్రెజరు చాలా బండ్లలో రెండున్నర, మూడు కిలోలు. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు సన్నగా రొద వినిపించాలి. వినిపించకపోతే ముందు ఫ్యూజు చూడాలి. పంపు చల్లబడేది పెట్రోలుతోనే కాబట్టి ఎప్పుడూ రిజర్వులోనే నడిపితే పంపు త్వరగా పోతుంది. పెట్రోలు పైపు మాత్రం ఇంటి దగ్గర విప్పవద్దు.

జబ్బు రాకుండా

డ్రమ్ములో తెచ్చిన డీజిలును ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగు కలవకుండా పైది తోడి, సన్నటి జల్లెడతో వడపోసి పోయాలి. సాయంత్రం పని కాగానే ట్యాంకు నింపి ఉంచితే రాత్రి చలికి లోపల చెమర్చే నీరు తగ్గుతుంది. కాగితం ఫిల్టరును కడిగి మళ్లీ వాడవద్దు. పుస్తకంలో చెప్పిన గంటలకు మార్చాలి. గంటల మీటరు చూసి ఫిల్టరు ఎప్పుడు మార్చిందీ, ప్రెజరు ఎంత ఉన్నదీ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. బండి బాగున్న రోజున తీసిన అంకె చేతిలో ఉంటే, జబ్బు చేసిన రోజున తేడా ఇట్టే తెలుస్తుంది.

కారడాన్ని చిన్నచూపు చూడవద్దు. అనుమానం ఉంటే జాయింటు కింద గిన్నె పెట్టి గంటసేపు పట్టి కొలవండి. దాన్ని రోజు గంటలతో, సీజను రోజులతో గుణిస్తే వాషరు ఖరీదు ఎంత తక్కువో తెలుస్తుంది.

ఈ పనులు చేత్తో నేర్చుకోదలచిన వారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ల వాడకం, మరమ్మతులపై అక్కడ శిక్షణ ఇస్తారు. ఊరికొక్క కుర్రాడు నేర్చుకుని వచ్చినా పది బండ్లకు మేలు.

అద్దెకు ట్రాక్టరు పిలిచే చిన్న రైతుకూ ఇది తెలిసి ఉండాలి. గంట లెక్కన డబ్బు కడుతున్నప్పుడు, లాగని ఇంజను గుంజుకునేది మన డబ్బే. నల్లపొగ కక్కుతూ ఎకరానికి గంట ఎక్కువ తీసుకుంటుంటే ‘ఫిల్టరు ఎప్పుడు మార్చారు?’ అని అడగడంలో తప్పు లేదు. తొలకరికి పది రోజుల ముందే ఈ పరీక్షలు పూర్తి చేసుకుంటే అదను రోజున బండి చేలోనే ఉంటుంది.